ముఖమల్ ఆంథూరియం ఆకు అంచులు ఎండుతున్నాయి, హ్యుమిడిఫయర్ పెట్టినా లాభం లేదు

నీడపట్టు:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక ఆంథూరియం ఉంది. ఎర్ర పూలది కాదండీ, ఆకుల అందం కోసం పెంచుకునే ముఖమల్ రకం. హృదయాకారపు ముదురాకుపచ్చ ఆకులు, వాటి మీద తెల్లటి ఈనెలు. చీటీ మీద 'క్రిస్టలైనమ్' అని రాసి ఉంది.

తెచ్చినప్పుడు నిగనిగలాడుతూ ఉంది. ఇప్పుడు కింది ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోతున్నాయి. మిగతావాటి అంచులు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. కొత్తాకు సగం విచ్చుకుని ముడతలు పడి ఆగిపోయింది, ఒక పక్క చిరిగింది కూడా.

గాలిలో తేమ చాలదేమోనని హ్యుమిడిఫయర్ పెట్టాను. మీటరు 75 చూపిస్తోంది. పొద్దున, సాయంత్రం ఆకుల మీద నీళ్లు స్ప్రే చేస్తున్నాను. కుండీలో ఉన్నది వచ్చినప్పటి కోకోపీటే (కొబ్బరిపొట్టు), మార్చలేదు. పైన ఆరినట్టు కనిపిస్తే రోజూ కాసిన్ని నీళ్లు పోస్తున్నాను. కిటికీకి కాస్త దూరంగా, ఎండ తగలని చోట పెట్టాను.

తేమ 75 కూడా చాలదా? ఎరువు ఏమైనా తక్కువైందా? చూస్తూ చూస్తూ పోగొట్టుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.


పచ్చగది:

ముఖమల్ ఆంథూరియాలకి 80కి పైనే తేమ ఉండాలండీ. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు ఒకటి మొక్క మొత్తం మీద కప్పి, కింద బిగించేయండి. లోపల ఆవిరి పట్టి ఆకులు వాటంతటవే కోలుకుంటాయి. వీలైతే నెలకోసారి ఎప్సమ్ సాల్ట్ కూడా ఇవ్వండి. నా మొక్కలన్నీ గాజుపెట్టెలోనే ఉంటాయి, ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు.


రాతివేరు:

నీడపట్టు గారూ, కవరు ఇప్పుడే కప్పకండి. ముందు మొక్కని కుండీలోంచి బయటికి తీసి వేళ్లు చూడండి. మీరు రాసిన దాంట్లో ఆకుల గురించి, గాలి గురించి చాలా ఉంది, వేళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆంథూరియం విషయంలో నేను మొదట అడిగేది అదే.

కింది ఆకులు వరసగా పసుపెక్కడం, అంచులు ఎండడం, కొత్తాకు ముడుచుకుపోవడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే గాలి పొడిగా ఉందని కాదు, వేళ్లు నీళ్లు లాగలేకపోతున్నాయని. కొత్తాకు చిరగడానికి కూడా కారణం అక్కడే ఉండొచ్చు. మొక్కలో కాల్షియం నీటితో పాటే పైకి వెళ్తుంది, పాత ఆకుల్లోంచి తీసి కొత్తాకుకి ఇచ్చే వీలు మొక్కకి లేదు. వేరు పాడైతే ముందు దెబ్బతినేది అప్పుడే పెరుగుతున్న లేతాకు. ఎప్సమ్ సాల్ట్‌లో ఉన్నది మెగ్నీషియం, కాల్షియం కాదు. పైగా వేళ్లే లేనప్పుడు ఏ ఉప్పు పోసినా అది మట్టిలోనే మిగిలి ఇంకాస్త హాని చేస్తుంది.

ఇక కవరు సంగతి. పచ్చగది గారి గాజుపెట్టెలో వేళ్లు బాగున్న మొక్కలు ఉన్నాయి కాబట్టి వాళ్లకి ఇబ్బంది లేదు. మీ మొక్క చుట్టూ గాలి కదలకుండా చేసి, కింద తడి కోకోపీట్ అలాగే ఉంచితే కుళ్లు ఇంకా తొందరగా పాకుతుంది. 75 శాతం తేమలో కూడా అంచులు ఎండుతున్నాయంటే, దాన్ని 90 చేసినా ఎండుతాయి.

స్ప్రే మాత్రం ఈరోజే ఆపేయండి. ఈ ఆకు మీది మెత్తదనం నూగు వల్ల వచ్చింది కాదు. పైపొరలో ప్రతి కణం చిన్న బుడిపెలా పైకి ఉబ్బి ఉంటుంది. పెద్ద చెట్ల కింద చేరే కాస్త వెలుతురుని లోపలికి మళ్లించుకోవడానికి అది పనికొస్తుందని అంటారు. దాని మీద నీటి చుక్కలు ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి, తుడిస్తే ఆ మెరుపే పోతుంది. ఆకులకి నూనె రాయడం, లీఫ్ షైన్ కొట్టడం లాంటివి ఈ రకానికి అసలు వద్దు.

వేళ్లు ఎలా చూడాలంటే, వాటిని కడిగి, వేలితో మెల్లగా నొక్కుతూ చివరిదాకా జరపండి. మంచి వేరు మీగడ రంగులో గట్టిగా, నొక్కితే ఎదురు తిరిగినట్టు ఉంటుంది. కుళ్లినదైతే పైతొడుగు మెత్తగా జారి మీ వేళ్లకి అంటుకుంటుంది, లోపల సన్నటి దారం ఒక్కటే మిగులుతుంది. వాసన కూడా తెలిసిపోతుంది. చూసి చెప్పండి. దాంతో పాటు ఇంకో మూడు విషయాలు చెప్పండి: ఆకు మందమెంత, ఆకుకాడ గుండ్రంగా ఉందా పలకలుగా ఉందా, లేతాకు ఏ రంగులో వచ్చింది. చీటీ మీద పేరు నాకు అనుమానంగా ఉంది.


నీడపట్టు:

తీసి చూశానండీ. మీరు చెప్పినట్టే ఉంది. కుండీ అడుగున కోకోపీట్ ముద్దలా ఉంది, పిండితే నీళ్లు కారాయి. పైన మాత్రం పొడిగా కనిపించేది. కింది వేళ్లు చాలావరకు జారిపోయి దారాలే మిగిలాయి. పైన కాండం దగ్గర లావుపాటి వేళ్లు కొన్ని గట్టిగా, తెల్లగా ఉన్నాయి. కాండం కూడా గట్టిగానే ఉంది.

ఆకు చాలా మందం. వేలితో తడితే అట్టముక్కలా చప్పుడవుతుంది. కాడ గుండ్రంగా ఉంది. లేతాకు లేతాకుపచ్చలో వచ్చింది. ఆకు మొదట్లో రెండు పక్కలా ఉన్న చెవులు ఒకదాని మీదకి ఒకటి వచ్చి దాదాపు కలిసిపోయాయి. ఇప్పుడేం చేయాలి?


రాతివేరు:

కాండం గట్టిగా ఉంది, పైవేళ్లు బతికే ఉన్నాయి. ఇంకేం, మొక్క దక్కుతుంది.

మీది క్రిస్టలైనమ్ కాదండీ, క్లారినెర్వియం. ఈ రెండిటి చీటీలు తారుమారు కావడం మామూలే. క్రిస్టలైనమ్ ఆకు పలచగా, పొడవుగా ఉంటుంది, లేతాకు ఎక్కువగా రాగిరంగులోనో ఊదా ఛాయలోనో వస్తుంది. కాడ పలకలుగా, అంచులు తేలి ఉంటే మాగ్నిఫికమ్. అట్టముక్కలా మందంగా, గుండ్రానికి దగ్గరగా, చెవులు కలిసేలా ఉన్నది క్లారినెర్వియం. కాయలు కాసినప్పుడు ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, దీని పండ్లు నారింజ రంగులో ఉంటాయి.

పేరులో ఏముందిలే అనుకోకండి, పెంపకం అంతా దాని మీదే ఆధారపడి ఉంది. క్రిస్టలైనమ్‌ని 1873లో లిండెన్, ఆంద్రే అనే వృక్షశాస్త్రవేత్తలు వర్ణించారు. అది పనామా, కొలంబియా వైపు తడి అడవుల మొక్క. క్లారినెర్వియం మెక్సికో దక్షిణాన చియాపాస్‌లో సున్నపురాతి గుట్టల మీద పెరుగుతుంది. దాన్ని శాస్త్రలోకానికి చెప్పింది ఎయిజీ మతుదా. ఆయన జపాన్‌లో పుట్టి, 1922లో మెక్సికో వెళ్లి చియాపాస్‌లో స్థిరపడ్డ వృక్షశాస్త్రవేత్త. ఆ గుట్టల మీద మట్టి ఉండదు. రాళ్ల సందుల్లో రాలిన ఆకుల పొడి కొంచెం ఉంటుంది, అంతే. వాన కురిస్తే వేరు తడుస్తుంది, గంటల్లో నీరంతా కిందికి జారిపోతుంది. ఏడాదిలో కొన్ని నెలలు వానే ఉండదు. అందుకే ఆకు అంత మందం, వేరు అంత లావు. ఆర్కిడ్ వేళ్లకి ఉన్నట్టే ఈ వేళ్లకి కూడా వెలామెన్ అనే స్పాంజి తొడుగు ఉంటుంది. నీరు తగలగానే పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరుతుంది. ఆ ఆరే అవకాశం లేకపోతే ఏమవుతుందో మీరు చేత్తో పట్టుకునే చూశారు.

ఇలాంటి మొక్కని ఉత్త కోకోపీట్‌లో పెట్టి అమ్మేవాళ్ల మీద నాకు కోపం ఉంది గానీ, దానికీ ఒక కారణం ఉంది. ఇప్పుడు ఇవి ఎక్కువగా టిష్యూ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో మొక్క చిన్న ముక్క నుంచి, తయారవుతున్నాయి. పిల్లమొక్కలకి, రవాణాకి కోకోపీట్ సులువు. వాళ్ల షెడ్డులో వేడి, గాలి, నీళ్లు అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి కాబట్టి అక్కడ నడిచిపోతుంది. ఇంట్లో నడవదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో జారిపోయిన వేళ్లన్నీ కత్తిరించేయండి. అనుమానం ఉన్నదాన్ని కాస్త పైకి కోసి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అక్కడ ఆగండి. ఆ దారాలు మిగల్చొద్దు, కుళ్లు వాటి వెంబడే పైకి వస్తుంది. చేతికి తొడుగు వేసుకోండి, దీని రసంలో కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి, కొందరికి బాగా దురద పెడుతుంది. కోతలు ఆరడానికి కొన్ని గంటలు నీడలో వదిలేయండి.

మిశ్రమంలో సగం పైన్ బెరడు ముక్కలు ఉండాలి, పొడి కాదు, సెంటీమీటరు పైచిలుకు ముక్కలు. పావు వంతు పెర్లైట్ గానీ ప్యూమిస్ గానీ, రెండూ తేలికపాటి రాతి గుళికలే. మిగతా పావులో బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు. చేత్తో గుప్పెడు తీసి పిసికి వదిలితే ఉండ కట్టకుండా రాలిపోవాలి. కావాలంటే సున్నపురాయి చిన్న ముక్కలు కొన్ని వేయొచ్చు, దీనికి అలవాటైనవే. గుడ్డుపెంకులు వేయమని ఎవరో ఒకరు చెప్తారు. అవి కరగడానికి పట్టే కాలంలో మీరు ఇంకో రెండుసార్లు కుండీ మారుస్తారు.

కుండీ చిన్నది తీసుకోండి, ఉన్న వేళ్ల చుట్టూ వేలి మందం జాగా ఉంటే చాలు. పెద్ద కుండీలో వేరు చేరని చోట తడి నిలబడిపోతుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కుండీ అయితే వేళ్లు, లోపలి తడి బయటినుంచే కనిపిస్తాయి, ఈ దశలో నేనైతే అదే వాడతాను. మొక్క మొదలు పాతిపెట్టకండి, చిగురొచ్చే చోటు పైకే ఉండాలి. కాండం మీద బుడిపెల్లా కొత్త వేళ్లు కనిపిస్తే వాటి దగ్గర మాత్రం తడిపిన స్ఫాగ్నమ్ మాస్ (ఒక రకం నాచు) వదులుగా చుట్టండి.

నీళ్లు రోజూ కాసిన్ని అనే అలవాటు మానుకోవాలి. పోసినప్పుడు అడుగునుంచి ధారగా కారేదాకా పోయండి. తర్వాత కుండీ ఎత్తి చూసి తేలికైందనిపించేదాకా ముట్టుకోకండి. పైన చూసి అంచనా వేయొద్దు. మీ కుండీలో పైన పొడి, అడుగున బురద ఉన్న సంగతి చూశారుగా. సన్నటి చెక్కపుల్ల అడుగుదాకా గుచ్చి కాసేపాగి తీస్తే తడి తెలిసిపోతుంది. సాసర్‌లో నీళ్లు నిలవనివ్వకండి.

వెలుతురు విషయంలో చాలామంది భయపడి మొక్కని మరీ లోపలికి నెట్టేస్తారు. మధ్యాహ్నం మొక్క దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూడండి. అంచులు మసగ్గా ఉన్న నీడ పడితే సరిపోయింది. అసలు నీడే పడకపోతే చీకటి. గీత గీసినట్టు పడితే ఎండ ఎక్కువ, ఆకు తెల్లబడి కాలుతుంది. వెలుతురు తగ్గిన కొద్దీ మొక్క నీళ్లు తాగడం తగ్గుతుంది, కుండీ ఆరడం ఆలస్యమవుతుంది, మళ్లీ కథ మొదటికే వస్తుంది. వేడి 18 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు. 15కి దిగితే పెరుగుదల ఆగుతుంది, ఆ రోజుల్లో నీళ్లు ఇంకా తగ్గించాలి. తేమ 50, 60 ఉన్నా దీనికి ఇబ్బంది లేదు. ఉన్న హ్యుమిడిఫయర్‌ని పారేయమనడం లేదు, కోలుకునేదాకా ఉంచండి, పక్కన చిన్న ఫ్యాను కూడా మెల్లగా తిరగనివ్వండి.

ఎరువు ఇప్పుడు వద్దు. కొత్త వేళ్లు కుండీ గోడకి తగిలాక, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు చాలు, అందులో కాల్షియం ఉన్నది చూసి తీసుకోండి.

ఎండిన అంచులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి బెంగ పెట్టుకోకండి. ఆకులో సగం పచ్చగా ఉన్నా కోయకండి, ఇప్పుడు మొక్కకి తిండి పెట్టేది అదే. తర్వాత వచ్చే ఆకు కూడా కాస్త చిన్నదిగా రావచ్చు, దాని వెనకాల వచ్చేదాన్ని చూసి లెక్కేయండి. విచ్చుకుంటున్న లేతాకుని మాత్రం ముట్టుకోవద్దు. గట్టిపడేదాకా వేలి గీత పడ్డా అది జీవితాంతం ఉండిపోతుంది.


తడినాచు:

రాతివేరు గారితో ఒక్కచోట విభేదిస్తాను. వేళ్లు బాగా పోయిన మొక్కని నేను బెరడు మిశ్రమంలో పెట్టను, ఉత్త స్ఫాగ్నమ్‌లో పెడతాను. బెరడులో నీరు నిలవదు, ఉన్న కొద్ది వేళ్లతో మొక్క దాహానికి వడలిపోతుంది. మాస్‌లో కొత్త వేళ్లు చాలా చురుగ్గా వస్తాయి.

ఇంకో సంగతి. అంచుల్లో ఎండిన చోటికి, పచ్చటి భాగానికి మధ్య పసుపు గీత ఉందా? ఆకు వెనక్కి తిప్పితే నీళ్లు ఊరినట్టు మచ్చలు ఉన్నాయా? ఉంటే అది బ్యాక్టీరియా తెగులు కావచ్చు.


రాతివేరు:

తడినాచు గారి మాట కాదనను. మాస్ పనిచేస్తుంది, దాన్ని వదులుగా పెట్టి, పిండిన తడి మీద ఉంచే చెయ్యి ఉంటే. కుక్కి పెట్టి రోజూ నీళ్లు పోసే అలవాటున్న చేతిలో అది కోకోపీట్ కన్నా వేగంగా కుళ్లిస్తుంది. నీడపట్టు గారికి గట్టి వేళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి బెరడే చెప్పాను. ఒక్క వేరూ లేకుండా వట్టి కాండమే మిగిలి ఉంటే నేనూ మాసే అనేవాణ్ని. మాస్‌లో వచ్చిన వేళ్లు వేలెడు పొడవు కాకముందే బెరడులోకి మార్చాలి, తర్వాత మారిస్తే మాస్‌తో పాటు అవీ ఊడొస్తాయి.

తెగులు సంగతి మంచి ప్రశ్న. అది జాంథోమోనాస్. 1889లో హవాయికి పూల ఆంథూరియం తెచ్చింది ఎస్. ఎం. డామన్ అనే ఆయన. దాని చుట్టూ అక్కడ పెద్ద పూల వ్యాపారమే పెరిగింది. 1980లలో ఈ బ్యాక్టీరియా వచ్చి తోటలకి తోటల్ని ఊడ్చేసింది, చాలామంది సాగు వదులుకున్నారు. దానికి మందు లేదు. రాత్రిపూట వేళ్ల దగ్గర తడి, చుట్టూ తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆకు అంచు నుంచి నీటి బొట్లు బయటికొస్తాయి. ఆ బొట్టు కారే రంధ్రంలోంచే బ్యాక్టీరియా లోపలికి పోతుంది. కవరు కప్పొద్దనడానికి ఇది రెండో కారణం.

నీడపట్టు గారూ, ఆకు వెనక వెలుతురుకి పెట్టి చూడండి. నీరు ఊరిన మచ్చ, దాని చుట్టూ పసుపు వలయం ఉంటే ఆ ఆకు కాడతో సహా తీసేసి, మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టండి, బ్లేడు ప్రతి కోతకీ తుడవండి. ఆకు పట్టుకుంటేనే కాడ మొదట్లోంచి ఊడొచ్చేస్తే అది లోపలిదాకా పోయినట్టు, అప్పుడు మొక్కనే వదులుకోవాలి. పొడిగా, పెళుసుగా, ఒకే గోధుమరంగులో ఆగిపోయి ఉంటే వేరుకుళ్లు తాలూకుదే.


నీడపట్టు:

వెనక మచ్చల్లేవండీ, పసుపు వలయం కూడా లేదు, ఉత్త ఎండిన అంచే. బెరడులోకి మార్చేశాను, పారదర్శకమైన కుండీలోనే. కిటికీ దగ్గరికి జరిపితే మీరు చెప్పిన మసక నీడ పడుతోంది.

చివరిగా ఒక్కటి. మధ్యలోంచి సన్నటి పూకాడ ఒకటి లేస్తోంది. మొక్క నీరసంగా ఉన్నప్పుడు కోసేయాలంటారు కదా, కోసేయనా? విత్తనం వచ్చే అవకాశం ఉంటే కోయబుద్ధి కావడం లేదు.


రాతివేరు:

ఈసారికి కోసేయండి. వేళ్లు కట్టుకోవాల్సిన బలం కంకికి (పూకాడ కొసన పూలుండే పొడవాటి భాగానికి) పోనివ్వడం ఎందుకు? కోలుకున్నాక దాదాపు ప్రతి ఆకు పక్కనా ఒకటి వస్తుంది, తొందరేం లేదు.

పైగా ఒక్క కంకితో దానంతట అది విత్తనం పట్టడం కష్టం. ఆంథూరియం కంకి మీద ముందు ఆడదశ వస్తుంది, కంకంతా తేనెబొట్ల లాంటి చిన్న చుక్కలు మెరుస్తాయి. అవి ఆరిపోయి కొన్నాళ్లయ్యాక గానీ పుప్పొడి రాలదు. అంటే తన పుప్పొడి వచ్చేసరికి తన సమయం దాటిపోతుంది. అందుకని పుప్పొడి రాలే రోజుల్లో కుంచెతో కాగితం మీదకి దులిపి, బాగా ఆరబెట్టి, చిన్న మూత డబ్బాలో ఫ్రీజర్‌లో దాచుకోండి. తర్వాతి కంకి మీద చుక్కలు కనిపించిన రోజున తీసి రాయండి, ఆ చుక్కలున్నన్ని రోజులూ రోజుకోసారి.

పండు ముదరడానికి నెలలు పడుతుంది. పండి కంకి నుంచి బయటికి వేలాడినప్పుడు తీసి, గుజ్జు శుభ్రంగా కడిగి వెంటనే తడి స్ఫాగ్నమ్ మీద పరిచేయండి. ఆరబెట్టి దాచుకునే విత్తనం కాదిది, ఎండితే మొలవదు. పక్కన వేరే ముఖమల్ ఆంథూరియం ఏదైనా పూస్తుంటే పుప్పొడి కలవకుండా చూసుకోండి. ఇవి ఒకదానితో ఒకటి ఇట్టే కలుస్తాయి. బజారులో తప్పు చీటీలు అన్ని ఉండడానికి అదీ ఒక కారణమే.

ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే కోసిన కంకి, ఆకులు వాటికి అందకుండా పారేయండి. నమిలితే నోరు వాచిపోతుంది.